వోచరు లేని లెక్క, లెక్క లేని కథ

మన హేతువాదులకు అంకెలంటే ప్రీతి. మంచి ప్రీతే, కాదనను. "మా తాతగారు కళ్ళారా చూశారట" అనేవాడి ముందు పెట్టడానికి అంతకన్నా పదునైనది మన చేతిలో లేదు. కాకపోతే ఈమధ్య ఆ ప్రీతి కాస్త ముదిరి, అంకె లేనిదంతా కబుర్లే అనేదాకా వచ్చింది.

సమాజాన్ని పరిశోధించేవాళ్ళు రెండు దారుల్లో వెళతారు. ఒకటి పరిమాణాత్మకం: జనగణన, శాంపిల్ సర్వే, శాతాలు, సగటులు. రెండోది గుణాత్మకం: ఒక ఊళ్ళోనో బస్తీలోనో నెలల తరబడి ఉండి, మనుషులతో మాట్లాడి, వాళ్ళు చెప్పిందీ చేసిందీ రెండూ చూసి రాసుకోవడం. మన మిత్రుల దృష్టిలో మొదటిది సైన్సు, రెండోది సాహిత్యం. ఈ విభజన తప్పని నా వాదన. రెండూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకోకపోతే, రెండూ నమ్మదగినవి కావు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, ఇక్కడ భిలాయిలో కొందరు మిత్రులు ఒక సర్వే తలపెట్టారు. బస్తీల్లో వెయ్యి ఇళ్ళు తిరగాలి, ఇరవై ప్రశ్నలు అడగాలి, ప్రతిదానికీ అవును / కాదు. వచ్చిన శాతాలను పత్రికలకూ కలెక్టరు గారికీ ఇవ్వాలి. మొదటి ప్రశ్న: "మీరు టోనహీని నమ్ముతారా?"

తెలుగు పాఠకుల కోసం చెప్పాలి. టోనహీ అంటే ఛత్తీస్‌గఢ్‌లో చేతబడి చేస్తుందని పేరు పడిన ఆడమనిషి. తెలంగాణలో బాణామతి పేరుతో జరిగినవి ఎరిగినవారికి మిగతాది వివరించనక్కర్లేదు. బిడ్డకు జ్వరం వచ్చినా, గేదె పాలివ్వకపోయినా ఆమె వల్లే అంటారు. చాలాసార్లు ఆమె భర్త పోయిన మనిషి, ఎంతోకొంత భూమి ఉన్న మనిషి. 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోనహీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది. ఫలానా ఆమె టోనహీ అని వేలెత్తి చూపితే 3 సంవత్సరాల దాకా, ఆ పేరుతో హింసిస్తే 5 సంవత్సరాల దాకా జైలు. రాయపూర్ కంటి డాక్టరు దినేష్ మిశ్రా, ఆయన అంధశ్రద్ధా నిర్మూలన సమితి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి చేసిన ప్రచారం గురించి మనలో చాలామందికి తెలుసు.

మంచి చట్టమే. కానీ అలాంటి చట్టం ఉన్న చోట, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో కాగితం పెన్నుతో గుమ్మంలో నిలబడి "టోనహీని నమ్ముతారా" అని అడిగితే ఏం జవాబొస్తుంది? "లేదు బాబూ, అవన్నీ పాత మాటలు" అని వస్తుంది. ఒక్కొక్క 'కాదు' కూడుకుంటూ పోయి శాతం అవుతుంది. మర్నాడు పేపర్లో 'ఉక్కు నగరంలో మూఢనమ్మకాలు తగ్గుముఖం' అని పడుతుంది. చేతిపంపు దగ్గర తన బిందె పెట్టగానే మిగతావాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునే ఆడమనిషి ఆ పట్టికలో ఎక్కడా ఉండదు. అధికారులు రేపు ఆ పట్టికనే చూపించి, సమస్య లేదు కదా అంటారు. అప్పుడు మనం ఏ మొహంతో వాదిస్తాం? అంకె ఇచ్చింది మనమే కదా.

నేను కామర్స్ చదివి, జీవితమంతా రక్షణ శాఖ ఖాతాల్లో పనిచేసినవాణ్ణి. అంకెల మీద నాకు చులకన లేదు. అయితే ఆ ఉద్యోగంలో మొదట నేర్పేదేమిటంటే, అంకె దానంతటది సాక్ష్యం కాదని. ప్రతి పద్దు వెనుకా వోచరు ఉండాలి. వోచరు మీద సంతకం ఎవరిదో తెలియాలి. స్టోర్సు లెడ్జరులో నిలవ సరిపోయినంత మాత్రాన సరిపోదు, గోదాములోకి వెళ్ళి బేళ్ళు విప్పించి చూడాలి. లెడ్జరులో దుప్పట్లు నాలుగొందలు ఉంటాయి, గోదాములోనూ నాలుగొందలే ఉంటాయి, విప్పితే సగం చిమటలు కొట్టినవి. లెక్క తప్పలేదు. అది ఏ సంగతి చెప్పాలో ఆ సంగతి చెప్పలేదు, అంతే. సామాజిక పరిశోధనలో గోదాములోకి వెళ్ళడమే గుణాత్మకం అనుకోండి.

మచ్చుకి మేముంటున్న రాష్ట్రం సంగతే చూడండి. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఆత్మహత్యల పట్టికలు వేస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో రైతుల ఆత్మహత్యలు 2010 దాకా ఏటా వెయ్యికి పైగా నమోదవుతూ వచ్చాయి. 2011లో ఆ గడిలో సున్నా. 2012లో 4. 2013లో మళ్ళీ సున్నా. ఏ దేవుడు కరుణించాడని? రాష్ట్రంలో మొత్తం ఆత్మహత్యలు పెద్దగా మారలేదు. రైతుల గడి ఖాళీ అయిన కాలంలోనే స్వయం ఉపాధి, 'ఇతరులు' అనే గడి ఉబ్బింది. పత్రికా రచయిత పి. సాయినాథ్ అప్పట్లో వరసగా రాసి బయటపెట్టినది ఇదే. 2014లో కేంద్రం వర్గీకరణ మార్చి, రైతులనూ వ్యవసాయ కూలీలనూ వేరు చేసి కొత్త పట్టిక వేసేసరికి, అదే రాష్ట్రంలో రైతుల ఆత్మహత్యలు 443 అని తేలింది.

మా శాఖలో దీన్ని తప్పు హెడ్డు కింద ఖర్చు రాయడం అంటారు. ఖర్చు జరిగింది, మొత్తం సరిపోయింది, ఏ పద్దులో చూసినా కూడికలో పొరపాటు లేదు. కేవలం కూడికలు సరిచూసేవాడికి ఈ తేడా ఎన్నటికీ దొరకదు. దొరికేది ఎవరికి? ఒక పోలీసు స్టేషనుకు వెళ్ళి, చనిపోయిన మనిషి వృత్తి గడిలో ఆ హెడ్ కానిస్టేబుల్ ఏం రాశాడు, ఏం చూసి రాశాడు, పట్టాదారు పాసుపుస్తకం అడిగాడా, కౌలుకు చేసేవాణ్ణి రైతు అన్నాడా, పొలంలో మగాడితో సమానంగా చేసిన ఆడమనిషిని 'గృహిణి' అని రాశాడా అని అడిగేవాడికి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నాటి జీవో 421 ప్రకారం రైతు ఆత్మహత్య అవునా కాదా అని తేల్చేది త్రిసభ్య కమిటీ. పరిహారం చెల్లించేదీ చెల్లించనిదీ ఆ కమిటీ మాట మీదే. తేల్చే చోట డబ్బు ముడిపడి ఉన్నప్పుడు, తేలిన అంకె మరణాన్ని ఎంత కొలుస్తుందో కమిటీనీ అంతే కొలుస్తుంది.

2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే కూడా గుర్తు చేసుకోండి. ఒక్క రోజులో కోటి దాకా కుటుంబాలు. ముంబయి నుంచీ సూరత్ నుంచీ వలస కూలీలు బస్సుల్లో రైళ్ళలో వేలాడుతూ సొంతూరు చేరారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషను కార్డు, పింఛను పోతాయని భయం. ఎప్పుడూ లేని జనం ఆ ఒక్క రోజు ఊళ్ళో ఉన్నారు, లెక్కకెక్కారు. లెక్క జరిగింది ఊరిదా, భయానిదా?

ఇంతవరకూ చదివి గుణాత్మక పక్షంవాళ్ళు సంతోషించనక్కర్లేదు. వాళ్ళ రోగం వాళ్ళకుంది. నాలుగు ఇళ్ళల్లో విన్నది నలభై పేజీలు రాసి, చివర 'ఛత్తీస్‌గఢీ సమాజం ఇలా భావిస్తుంది' అని తీర్పిచ్చేస్తారు. ఎంతమంది? ఎవరు? మిగతావాళ్ళు ఏమంటున్నారు? అడిగితే మనల్ని మొరటువాళ్ళను చూసినట్టు చూస్తారు.

కథను లెక్కపెట్టకుండా నమ్మితే ఏమవుతుందో భిలాయి పుట్టుకలోనే ఉంది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఆ నిర్మాణ కాలంలో చుట్టుపట్ల ఊళ్ళను ఒక పుకారు పట్టి కుదిపింది. ఇంత పెద్ద కొలిమి ఊరికే రాజుకోదు, నరబలి కావాలి, అందుకోసం పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు అని. గోదావరి మీదో కృష్ణ మీదో వంతెన కట్టినప్పుడల్లా మన వైపు పెద్దవాళ్ళు చెప్పుకున్నదే ఇది. వందమంది చెబితే వంద సాక్ష్యాలు కావు. ఒకరి నోట విన్నది వందమంది చెబితే అది ఒక్క సాక్ష్యం, ఒక్కోసారి అదీ కాదు. ఇక్కడ అంకె కావాలి. ఎంతమంది పిల్లలు తప్పిపోయారు, ఏ ఊరు, ఏ తేదీ, ఏ స్టేషనులో ఫిర్యాదు. అంత అడిగేసరికి కథ నీరుగారిపోతుంది.

మనం సాధారణంగా అక్కడ ఆగి, పుకారు అబద్ధం అని రాసి సంతకం పెట్టేస్తాం. పుకారు అబద్ధమే. కానీ ఆ ఊళ్ళవాళ్ళు అబద్ధం ఆ రూపంలోనే ఎందుకు చెప్పుకున్నారు? పొలాలు పోయాయి, ఎక్కడివాళ్ళో వచ్చారు, కట్టుబడిలో మనుషులు పడి చచ్చిపోతూ ఉన్నారు. కొలిమి ప్రాణాలు తీసుకుంటుందన్న మాటలో బలి అనేది కల్పన, ప్రాణాలు కల్పన కాదు. 2014 జూన్‌లో ఇదే కర్మాగారంలో గ్యాసు లీకై 6 మంది పోయారు. 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం దగ్గర పేలుడులో పదిమందికి పైగా పోయారు. బలి కథను కొట్టిపారేసిన హేతువాది మరుక్షణం ప్రమాదాల రిజిస్టరు అడగకపోతే అతని హేతువాదం సగంలో ఆగినట్టే. కథ ఎక్కడ లెక్కపెట్టాలో చూపించింది. అది చిన్న ఉపకారం కాదు.

ఈ బలి పుకారు మీద 2015లో ఒక వ్యాసం రాసినాయన జొనాథన్ పారీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసినవాడు. అంతకుముందు కాంగ్డాలో కులాల మీద, కాశీలో చావు కర్మల మీద పనిచేశాడు. 1993లో భిలాయి వచ్చాడు. విడతలు విడతలుగా రెండు దశాబ్దాలు వస్తూనే ఉన్నాడు. భిలాయివాసి అజయ్ టి.జి. ఆయనకు పరిశోధనలో తోడు. 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అని 2020లో పెద్ద పుస్తకం వేశారు. భిలాయిలో ఉంటూ ఈ పుస్తకం పేరు కూడా వినని తెలుగు ఇంజనీర్లు నాకు బోలెడుమంది తెలుసు. అది వేరే బాధ.

ఆ పుస్తకానికి వెన్నెముక రెండు మాటలు: నౌకరీ, కామ్. మన ఉద్యోగం, పని లాంటివి. కర్మాగారం హాజరు పట్టీలో పేరున్నవాడిది నౌకరీ. అదే గేటులోంచి అదే షాపులోకి కాంట్రాక్టరు తరఫున వెళ్ళేవాడిది కామ్. ఇద్దరూ పక్కపక్కనే చెమటోడుస్తారు. జీతం మాత్రం ఎన్నో రెట్లు తేడా. ఒకడికి క్వార్టరు, సెక్టార్ 9 ఆసుపత్రి, పిల్లలకు బడి, చివర గ్రాట్యుటీ. ఇంకొకడికి రేపు పని ఉంటుందో ఉండదో తెలియదు. పారీ వాదన ప్రకారం ఇద్దరూ ఒకే కార్మికవర్గం కాదు. పెళ్ళిళ్ళు, పిల్లల చదువు, ఇరుగుపొరుగు, సంఘం రాజకీయం అన్నీ ఆ గీత దగ్గర విడిపోతాయి.

ఇప్పుడు మన సర్వే ఫారం చూడండి. 'వృత్తి: స్టీలు ప్లాంటు కార్మికుడు' అని ఒకటే గడి ఉంది. ఖుర్సీపార్‌లో ఒక తెలుగింట్లో తండ్రి రిటైరైన పర్మనెంటు, పెద్దకొడుకు కాంట్రాక్టు, కోడలు కట్టుబడి పనిలో రేజా అయితే, ఆ ఫారంలో ఇద్దరు ప్లాంటు కార్మికులు, ఒక కూలీ. ఏది విడిగా లెక్కపెట్టాలో తెలియక ముందే లెక్కపెడితే ఇంతే. నౌకరీ, కామ్ అన్న తేడా ఏ కంప్యూటరూ కనిపెట్టలేదు. టీకొట్టు దగ్గర కూర్చున్నవాడు విన్నాడు. విన్నాక ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ పక్కనున్నారో లెక్క తీశాడు. మాట ముందు, లెక్క తర్వాత. లెక్క తీసేసరికి మాటకు బలమొచ్చింది.

పెళ్ళి విషయం ఇంకా తమాషా. జనగణన అడుగుతుంది: పెళ్ళయిందా, కాలేదా, భర్త పోయాడా, విడిపోయారా. ఛత్తీస్‌గఢ్‌లో చాలా కులాల్లో మొదటి పెళ్ళి కుదరకపోతే ఆడమనిషి వెళ్ళిపోయి ఇంకొకరితో ఉంటుంది, అతను గాజులు తొడుగుతాడు, దాన్ని చూడీ అంటారు. కోర్టు లేదు, కాగితం లేదు. జనగణన గడిలో ఆమె 'వివాహిత', అంతే. అదే గడిలో నలభై ఏళ్ళు ఒకే కాపురం చేసిన మామ్మగారూ ఉంది. పారీ కుటుంబాల పెళ్ళి చరిత్రలు ఒక్కొక్కటీ రాసుకుని, పాత తరంలో మొదటి పెళ్ళి విడిపోవడం ఎంత మామూలో, పర్మనెంటు ఉద్యోగుల కుటుంబాల్లో అదే ఎలా పరువుతక్కువ అయిందో చూపించాడు. ఇక్కడ కథలే ఎంట్రీలు. కూడితే వచ్చింది శాతం. ఇది గుణాత్మకమా పరిమాణాత్మకమా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అక్కర్లేదు కూడా.

అన్నిటికన్నా ఆలోచించవలసినది 2012లో ఆయన అచ్చువేసిన వ్యాసం, భిలాయిలో ఆత్మహత్యల గురించి. అధికారిక లెక్కల్లో ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఆత్మహత్యలు బాగా పెరిగాయి. వినగానే మన ఊహ ఎక్కడికి పోతుంది? అడ్డా కూలీల మీదికి. ఆయన తేల్చింది వేరు. ఎక్కువగా తగిలింది అందరూ అసూయపడే పర్మనెంటు ఉద్యోగుల కుటుంబాలకు. 1980ల చివర్లో అరవై వేలు దాటిన కర్మాగారపు సొంత సిబ్బంది తర్వాత సగానికి సగం పడిపోయింది. తండ్రికి నౌకరీ, కొడుకుకు రాదు. డిగ్రీ చదివిన కొడుకు కామ్ చేయడు, నౌకరీ దొరకదు. ఇల్లు ఒక మెట్టు దిగిపోతోందన్న భయం. ఆయన ఇచ్చిన వివరణ ఇది.

ఆడిటరు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. టౌన్‌షిప్‌లో మరణం ఆసుపత్రికి వెళుతుంది, పోలీసు కాగితం తయారవుతుంది. బస్తీలో అలా కాగితం కాకుండానే దహనం అయిపోయేవి ఉండవచ్చు. అలాంటప్పుడు తేడా మరణాల్లోదా, నమోదులోదా? మంచి ప్రశ్న. అయితే గమనించండి, దీనికి జవాబు పట్టికలో ఎంత వెతికినా దొరకదు. బస్తీలో ఫలానా ఇన్ని ఇళ్ళలో గత పదేళ్ళలో పోయినవాళ్ళెవరు, ఎలా పోయారు అని తెలిసినవాళ్ళను అడిగి, ఆ జాబితాను స్టేషను జాబితాతో పక్కపక్కన పెట్టి చూడాలి. బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు రాసిన ప్రతివాడికీ ఈ పని తెలుసు. రెండు పుస్తకాలు కలవకపోతే ఎవరూ ఒక పుస్తకాన్ని చింపేయరు, తేడా ఎక్కడుందో వెతుకుతారు.

ఇదేమీ కొత్త విద్య కాదు. ఆస్ట్రియాలో మారియన్‌తాల్ అనే చిన్న ఊళ్ళో బట్టల మిల్లు మూతపడి ఊరంతా నిరుద్యోగులైతే, మారీ యహోడా, లాజర్స్‌ఫెల్డ్, జైసెల్ అనే యువ పరిశోధకుల బృందం వెళ్ళి 478 కుటుంబాలనూ పరిశీలించి 1933లో పుస్తకం వేసింది. ప్రతి ఇంటికీ ఒక కార్డు, భోజనాల పట్టికలు, గ్రంథాలయంలో తీసుకున్న పుస్తకాల లెక్క. కిటికీలోంచి చూస్తూ వీధిలో ఎవరెంత వేగంగా నడుస్తున్నారు, ఎన్నిసార్లు ఆగుతున్నారు అని కూడా రాసుకున్నారు. చేతినిండా సమయం ఉన్నప్పుడు ఎక్కువ చదువుతారని అనుకుంటాం. పుస్తకాల రుసుము ఎత్తేసినా తీసుకునేవాళ్ళు తగ్గిపోయారు. మగవాళ్ళ నడక మందగించింది, ఆడవాళ్ళది కాదు. వాళ్ళకు ఇంటిపని ఉందిగా! నిరుద్యోగం తిరుగుబాటు తెస్తుందని పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళకు అక్కడ కనిపించింది నీరసం. ఇంకో సంగతి, ఆ బృందంలో ఎవరూ ఊరికే చూస్తూ కూర్చోకూడదని నియమం పెట్టుకున్నారు. పాత బట్టలు పంచారు, వైద్యం చేయించారు. అలా వెళితేనే తలుపులు తెరుచుకున్నాయి.

మన దగ్గర ఎస్.సి. దూబే ఉన్నాడు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కమార్ తెగ మీద పనిచేసి, తర్వాత ఉస్మానియా నుంచి రకరకాల శాఖల విద్యార్థులను వెంటబెట్టుకుని హైదరాబాదు పక్కన శామీర్‌పేటకు వెళ్ళాడు. 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' ఆ ఊరి పుస్తకమే. ఛత్తీస్‌గఢ్‌నూ తెలంగాణనూ కలిపే మంచి దారం ఇది. మనవాళ్ళు మాత్రం శామీర్‌పేట అంటే చెరువు, ఫామ్‌హౌసులే అంటారు.

మిత్రులు ఎప్పుడూ వేసే ఆక్షేపణ ఒకటుంది. వినేవాడి ఇష్టాయిష్టాలు అందులో కలుస్తాయి కదా, ఇక అది సైన్సెలా అవుతుంది అని. కలుస్తాయి. సర్వేలో కలవవని ఎవరు చెప్పారు? మహలనోబిస్ మహాశయుడు బెంగాల్ జూట్ సర్వేల కాలం నుంచే ఈ సంగతి పట్టుకున్నాడు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పంపి, రెండు లెక్కల తేడాను బట్టి లెక్కించేవాడి లోపం ఎంతో కొలిచేవాడు. అంకెలు తెచ్చేవాడు కూడా మనిషేనని మన దేశపు అతి పెద్ద గణాంకవేత్తే ఒప్పుకున్నాడు. విని రాసుకునే పనికీ అదే పరీక్ష పెట్టండి. ఇద్దరిని పంపండి, ఒకరు ఆడ, ఒకరు మగ అయితే మరీ మంచిది. నోట్సులు విడిగా రాయమనండి.

ఇంకో ఆక్షేపణకు మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఇలాంటి పుస్తకాల్లో మనుషుల పేర్లు మారుస్తారు, డైరీలు రచయిత దగ్గరే ఉంటాయి. మార్చక తప్పదు, పేరు బయటపడితే నష్టపోయేది చెప్పినవాడు. కానీ వోచరు చూపించని పద్దును పాస్ చేయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అందుకే ఆ కథ పక్కన ఒక అంకె, ఎవరైనా వెళ్ళి చూసుకోగలిగిన అంకె, ఉండి తీరాలంటాను. అలాగే పోలీసు పట్టికలో హత్యకు కారణం 'మంత్రతంత్రాలు' అని ఉన్న అంకె పక్కన, హత్య దాకా వెళ్ళని వందల వెలివేతల కథ కూడా ఉండాలి. ఎందుకంటే ఆ గడిలోకి ఎక్కడానికి ఆ ఆడమనిషి చచ్చిపోవాలి. అంతకుముందు పదేళ్ళు ఆమె పడినదానికి ఆ పట్టికలో చోటు లేదు.

ఇక మన సర్వే. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగ వస్తుంది. వాళ్ళ లెక్కలో శ్రావణ అమావాస్య, మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య. ఆ రాత్రి టోనహీలు తిరుగుతారని, గుమ్మాలకు వేపరెమ్మలు గుచ్చుతారు, కమ్మరి వచ్చి ద్వారబంధానికి మేకు కొడతాడు. ఎవరినీ ఏమీ అడగకుండానే లెక్కపెట్టగల వస్తువులివి. మర్నాడు పొద్దున్నే వీధి వెంట నడిచి, ఎన్ని గుమ్మాలకు రెమ్మ ఉంది, ఎన్నిటికి లేదు అని రాసుకోవచ్చు. అవును / కాదు అన్న జవాబు కన్నా గట్టి అంకె. మారియన్‌తాల్ కిటికీ లాంటిది.

కానీ ఆ రెమ్మ అర్థమేమిటి? రెమ్మ తెచ్చి గుచ్చేది తరచు పశువులు కాసే రౌత్ మనిషి. గుచ్చినందుకు బియ్యం పప్పు ఇస్తారు. అతను ఏళ్ళ తరబడి వస్తున్న ఇల్లు కాబట్టి రెమ్మ ఉండవచ్చు. కాదంటే అతని బియ్యం పోతుందని ఊరుకుని ఉండవచ్చు. పండుగ గనుక ఉండవచ్చు, మనం ఉగాదికి వేపపువ్వు తిన్నట్టు. నిజంగా పక్కింటి ముసలామెకు భయపడి కూడా ఉండవచ్చు. ఈ నాలుగింటికీ వేరువేరు పేర్లు పెట్టి వేరువేరుగా లెక్కపెట్టాలంటే, ముందు కూర్చుని వినాలి.

అందుకని నా ప్రతిపాదన: వెయ్యి ఇళ్ళు వద్దు. రెండు వీధులు చాలు, ఒకటి పర్మనెంటువాళ్ళు ఎక్కువున్నది, ఒకటి కాంట్రాక్టువాళ్ళు ఎక్కువున్నది. హరేలీ ముందు రెండు నెలలు అక్కడికి వెళ్ళి రావాలి, ఊరికే కాదు, మనలో డాక్టర్లున్నారు, జ్వరాలు చూడండి. బిడ్డకు జబ్బు చేస్తే మొదట బైగా దగ్గరికి వెళ్ళారా ఆసుపత్రికా, ఎన్ని రోజులు ఆగారు, ఎంత ఖర్చయింది అని ఇంటింటి చిట్టా రాయండి. హరేలీ మర్నాడు రెమ్మలు లెక్కపెట్టండి. ఆ తర్వాత 'నమ్ముతారా' అని అడగండి. మూడు జవాబులూ ఎక్కడ కలవలేదో, అక్కడికి మళ్ళీ వెళ్ళండి. ఎవరైనా ఆడమనిషి పేరు వింటే మాత్రం కాగితం మీద పెట్టవద్దు. ముందు ఆమెతో మాట్లాడండి.

ఫారాలు వెయ్యి ఇప్పటికే అచ్చయ్యాయని విన్నాను. పారేయమనడం లేదు. వెనకవైపు తెల్లగానే ఉంది, చిట్టా రాసుకోవడానికి పనికొస్తుంది.